చదువైపోయాక వచ్చే రోజుల మీద, తక్కువ డబ్బుతో సినిమా తీయడం

బీటెక్ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక, అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తూ ఉండిపోయిన ఇద్దరమ్మాయిల మీద నేనూ నా స్నేహితులూ ఒక సినిమా తీశాం. గంటన్నర నిడివి. పెట్టుబడి మా జీతాలే. నాది మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం. కెమెరా పట్టినతను పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. సౌండ్ చూసుకున్నమ్మాయి అప్పటికి సీరియళ్ళకి అసిస్టెంట్‌గా చేస్తోంది. సినిమా చూసిన పిల్లలు, ముఖ్యంగా జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్నవాళ్ళు, "అక్కా, మేమూ తీద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

చదువైపోయింది, ఇప్పుడేంటి అనే ప్రశ్న మన సినిమాకి కొత్త కాదు. 2000లో శేఖర్ కమ్ముల చిన్న బడ్జెట్‌లో తీసిన 'డాలర్ డ్రీమ్స్' అమెరికా వెళ్ళాలా వద్దా అనే స్నేహితుల కథే. తొలి చిత్ర దర్శకుడికిచ్చే జాతీయ పురస్కారం దానికి వచ్చింది. అప్పటి ఎదురుచూపు వీసా కోసం. ఇప్పుడు ఆఫర్ లెటర్ చేతిలో ఉండి కూడా జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి మెయిల్ చూసుకునేవాళ్ళున్నారు. కాబట్టి ఎవరో ఆల్రెడీ తీశారని ఆగొద్దు. మీ బ్యాచ్ కథ ఇంకా ఎవరూ తీయలేదు.

ముందు జేబు రాయండి

ఈ రకం కథ రాయబోతే మొదట తగిలే ఇబ్బంది, అందులో ఏమీ జరగదు. పొద్దున లేస్తారు, క్లాసుకెళ్తారు, టీ తాగుతారు, మెయిల్ చూసుకుంటారు, పడుకుంటారు. విలన్ లేడు. దాంతో చాలామంది మధ్యలో ఒక యాక్సిడెంటో, ఆత్మహత్యో, డ్రగ్సో పెట్టేస్తారు. దయచేసి పెట్టకండి. ఆ రోజుల్లో పూటపూటా ఒకటి జరుగుతూనే ఉంటుంది, అది డబ్బు. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు అడగగలరు, ఎవరికి నోరు రాదు, ఎవరు ముందే పసిగట్టి టీ డబ్బులు ఇచ్చేస్తారు, ఇవన్నీ సంఘటనలే.

అందుకని స్క్రిప్టులో ప్రతి సీన్ పైన, 'లోపల, రాత్రి, హాస్టల్ గది' అని రాసుకునే చోటే, ఆ సీన్‌లో ఉన్న ప్రతి మనిషి దగ్గర ఆ నిమిషాన ఎంత డబ్బుందో రాయండి. సుమారుగా కాదు, రూపాయి దాకా. అకౌంట్లో ఎంత, పర్సులో ఎంత, ఇవ్వాల్సింది ఎంత. ఈ అంకె డైలాగులో రాకూడదు. మీకు తెలియాలి, నటించేవాళ్ళకి తెలియాలి, అంతే.

మా సినిమాలోంచి ఒక సీన్ చెప్తాను. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి లావణ్య హాస్టల్ డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే నాన్న ఫోన్ చేస్తాడు. సీన్ పైన ఇలా ఉంది: లావణ్య, అకౌంట్లో 212, పర్సులో 40, హాస్టల్ బాకీ 3,000. నాన్న, చొక్కా జేబులో 6,500, అందులో 5,000 ఎరువుల షాపుకి.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న నాన్నా. మీరు?"

"ఆ, ఇప్పుడే. ఏం కూర?"

"బెండకాయ."

"పైసలున్నయా?"

"ఉన్నయ్."

"లేకపోతే చెప్పు, ఇగ..."

"ఉన్నయ్ నాన్నా."

సీన్ ఇంతే. 'ఇగ' దగ్గర ఆయన ఆగిపోవడానికి కారణం మిగిలే ఆ 1,500. పంపుతానని గట్టిగా అనలేడు, అడగకుండా ఉండలేడు. ఆయన ఆగడం విని ఆ అమ్మాయి రెండోసారి 'ఉన్నయ్' అంటుంది, ఈసారి త్వరగా. ఇద్దరికీ అంకెలు తెలుసు కాబట్టి ఏడవమని, బాధగా చూడమని నేను ఒక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. లావణ్యగా చేసిన అమ్మాయి మాట్లాడుతూ ఒక క్లిప్పు తీసి, అదే తీగకి మళ్ళీ పెట్టేసింది. అది స్క్రిప్టులో లేదు. సినిమాలో ఉంది.

కథ మొత్తానికి ఒక పద్దు పుస్తకం పెట్టండి. ఒక సీన్‌లో అప్పు తీసుకుంటే తర్వాతి సీన్‌లో అంకె మారాలి. ఈ పుస్తకం ఉంటే అబద్ధపు సీన్లు వాటంతట అవే రాలిపోతాయి. 252 రూపాయలున్న అమ్మాయి యాప్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టదు. అమీర్‌పేట మైత్రీవనం నుంచి గచ్చిబౌలికి ఆటో మాట్లాడుకోదు. బస్సెక్కుతుంది. అక్కడ ఇంకో సంగతి దొరుకుతుంది చూడండి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, కానీ ఇక్కడి అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. జనగామ నుంచి వచ్చిన లావణ్యకి జీరో టికెట్. గుంటూరు నుంచి వచ్చిన రూమ్మేట్ డబ్బులిచ్చి కొనుక్కోవాలి. ఒకే ఇంటర్వ్యూకి ఒకే బస్సులో వెళ్తున్న ఇద్దరిలో ఒకరికి మాత్రమే చిల్లర కావాలి. ఇలాంటివి ఊహించి రాయలేం, లెక్క రాసుకుంటే బయటపడతాయి.

మొదటి జీతం సీన్ దగ్గర ఈ పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకోండి. జీతం పడిందన్న మెసేజ్, వెంటనే స్వీట్లు, అమ్మకి చీర అని రాసేయడం తేలిక. ముందు బాకీలన్నీ తీసేసి, ఆ రాత్రికి ఎంత మిగిలిందో చూడండి. ఆ మిగిలినదాంట్లో చీర వస్తే కొనండి.

ఎక్కడ తీయాలి

మీకు ఊరికే దొరికే చోట్లు నాలుగో అయిదో ఉంటాయి. ఒక గది, ఒక డాబా, తెలిసినవాళ్ళ టిఫిన్ సెంటర్, ఎవరిదో ఒక ఆఫీసు ఆదివారాల్లో. ముందు ఆ జాబితా రాసుకుని, కథని అందులో ఇమడ్చండి. రోడ్డు మీద షూటింగ్‌కి పోలీసు అనుమతి కావాలి. మెట్రోలో అయితే అనుమతితో పాటు ఫీజు. ఆర్టీసీ బస్సు లోపల తీయాలన్నా అంతే. మా బస్సు సీన్ బస్సులో జరగదు. ఇద్దరూ స్టాపులో దిగి నడుస్తుంటే ఒకరి చేతిలో చిల్లర ఉంటుంది, ఇంకొకరి చేతిలో జీరో టికెట్ కాగితం. బస్సు అక్కర్లేదు. తెలంగాణలో అనుమతుల కోసం ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉంది. పెద్ద రోడ్డు సీన్ తప్పదనుకుంటే ముందు అక్కడికి వెళ్ళి అడగండి.

మైత్రీవనం దగ్గరి కోర్సుల బోర్డులు లేకుండా ఈ కథ చెప్పడం కష్టం. ఆదివారం తెల్లారగానే అక్కడ జనం పలచగా ఉంటారు, వెలుతురు మెత్తగా ఉంటుంది. బోర్డుల మీద ఉండే ఇన్‌స్టిట్యూట్ పేర్లు, ఫోన్ నంబర్లు ఫోకస్‌లో పడకుండా చూసుకోండి.

ఆడపిల్లల హాస్టల్లో తీస్తే ఒక నియమం గట్టిగా పాటించాలి. అక్కడ ఉండేవాళ్ళు డబ్బు కట్టి ఉంటున్నారు, అది వాళ్ళ ఇల్లు. ఏ రోజు ఏ అంతస్తులో తీస్తున్నామో ముందు రోజే కాగితం అంటించాలి. మా యూనిట్‌లో మగవాళ్ళు ఒక్క గది, డాబా తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు. కారిడార్ షాట్లన్నీ సౌండ్ అమ్మాయే తీసింది. హాస్టల్ ఆంటీ మమ్మల్ని మళ్ళీ మళ్ళీ రానిచ్చిందంటే అందుకే.

నటులు

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో చాలామంది ఆ ప్రాంతం మనుషులే, కెమెరాకి కొత్తవాళ్ళే. మీకూ అదే దారి. కాకపోతే ఆడిషన్‌లో డైలాగు ఇచ్చి చదివించకండి. "ఆఖరుసారి ఎవరి దగ్గర అప్పు తీసుకున్నావు, ఎలా అడిగావు" అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. చెప్పేటప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. యాస మార్చొద్దు. వరంగల్ పిల్లవాడు వరంగల్ మాటే మాట్లాడాలి, అనంతపురం పిల్ల అనంతపురం మాటే. హైదరాబాద్ హాస్టల్ గదిలో వినిపించేది అదే కదా.

ఈ కథల్లో నటించేవాళ్ళు నిజంగానే ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్ళు. షూటింగ్ మధ్యలో ఎవరికో ఒకరికి ఆఫర్ వస్తుంది, బెంగళూరో పుణెయో వెళ్ళిపోవాలి. అది మంచి వార్త, దానికి అడ్డం పడకూడదు. అందుకని మిగతా సినిమా అంతా వరస క్రమంలో తీసినా, ప్రతి ముఖ్య పాత్రకీ గది ఖాళీ చేసి వెళ్ళే సీన్ ఒకటి రాసి, మొదటి వారాల్లోనే తీసి పెట్టుకోండి. అవసరం పడితే వాడతారు, లేకపోతే లేదు. మా రెండో హీరోయిన్‌కి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. ఆ సీన్ సిద్ధంగా ఉండబట్టి ఆమె టెన్షన్ లేకుండా రైలెక్కింది, సినిమాలోనూ ఆ గదిలో ఒక మంచం ఖాళీ అయింది.

వరస క్రమంలో తీయమని ఎందుకంటున్నానంటే, శని ఆదివారాల్లో నెలల తరబడి తీసేటప్పుడు జుట్టు పెరుగుతుంది, మనిషి చిక్కుతాడు, మొహం మారుతుంది. కథ కూడా నెలల మీద నడిస్తే ఆ మార్పులన్నీ మీకే కలిసొస్తాయి.

గది, ట్యూబ్‌లైట్

కెమెరా కొనకండి. కృష్ణానగర్, ఇందిరానగర్ వైపు అద్దెకిచ్చేవాళ్ళున్నారు. శనివారం మధ్యాహ్నం తీసుకుని సోమవారం పొద్దున తిరిగిచ్చేలా మాట్లాడుకోండి. నెలనెలా వస్తామని తెలిస్తే అద్దెలో తగ్గిస్తారు. పది బై పది గదిలో పొడవు లెన్సులు పనికిరావు, గోడకి వీపు ఆనించినా మనిషి మొహం తప్ప ఏమీ పట్టదు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకి 35 ఎంఎం లెన్సు, చిన్న సెన్సర్‌కి 24 ఎంఎం, ఆ ఒక్కదానితో సినిమా అంతా తీయొచ్చు.

మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ట్యూబ్‌లైటు సెకనుకి వంద సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంది. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది, గోడ మీద నల్లటి చారలు పాకుతుంటాయి. షట్టర్ స్పీడు 1/50 సెకను దగ్గర పెట్టి, సెకనుకి 24 ఫ్రేముల్లో తీయండి, చారలు పోతాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, షాట్ మధ్యలో రంగు మారిపోతుంది. చవక ఎల్ఈడీ బల్బులు కొన్ని ఏ షట్టర్‌కీ లొంగవు. వాటిని ముందురోజే చూసుకుని మార్చేయండి.

లైట్లంటూ పెద్దగా అక్కర్లేదు. కిటికీ వెలుతురు, ఎదురుగా ఒక థర్మాకోల్ షీటు, రాత్రి సీన్లకి రెండు చిన్న ఎల్ఈడీ ప్యానెళ్ళు, నీడ కావాల్సిన చోట నల్లగుడ్డ. హాస్టల్ గది అందంగా కనిపించాలని తాపత్రయపడొద్దు. మంచం కింద సూట్‌కేసులు, తలుపుకి వేలాడే బ్యాగులు, కిటికీలో ఎండే సాక్సులు, ఇవే ఆ గది. సర్దేసి తీస్తే అక్కడ ఉండేవాళ్ళెవరూ నమ్మరు.

సౌండ్

మీ దగ్గరున్న డబ్బులో కెమెరా కన్నా సౌండ్‌కి ఎక్కువ పెట్టండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. డబ్బింగ్ చెప్పించుకుందాంలే అనే ఆలోచన ఈ రకం సినిమాకి అసలు పనికిరాదు. కొత్త నటులు స్టూడియోలో నిలబడి ఆ 'ఉన్నయ్'ని మళ్ళీ అలా అనలేరు. అక్కడికక్కడే రికార్డు చేయండి. ఒక బూమ్ మైక్, రెండు కాలర్ మైకులు, ఒక విడి రికార్డరు, దాని సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గొంతు పెద్దదైనప్పుడు మీటర్ మైనస్ 12 డీబీ దాటకుండా ఉంచితే చాలు. ప్రతి టేక్ ముందు కెమెరా ఎదురుగా గట్టిగా చప్పట్లు కొట్టండి, బొమ్మనీ శబ్దాన్నీ ఎడిటింగ్‌లో కలపడానికి.

అసలు శత్రువు సీలింగ్ ఫ్యాను. దాని చప్పుడు మాట మీద కూర్చుంటే సాఫ్ట్‌వేర్‌తో శుభ్రంగా తీసేయడం కష్టం. ఆపాలి. మే నెలలో మూసిన గదిలో ఫ్యాను ఆపితే నటులకి చెమట పడుతుంది కాబట్టి, టేకులు మూడు నిమిషాలకి మించకుండా రాసుకోండి, మధ్యలో తలుపు తీసి గాలి ఆడనివ్వండి. ఫ్యాను సొంతంగా చేసే చప్పుడు తర్వాత విడిగా రికార్డు చేసి ఎడిట్‌లో మాటల కింద పరచండి. ఫ్రిజ్ ఉంటే ఆపి, మీ బండి తాళం అందులోనే పెట్టండి. వెళ్ళేటప్పుడు తాళం కోసం వెతుక్కుంటే ఫ్రిజ్ ఆన్ చేయడం గుర్తొస్తుంది, ఆంటీ పాలు విరగవు. నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని అడిగి షెడ్యూల్ మీద రాసుకోండి. కూరగాయల బండి మైకు, పక్క వీధి గుడి పాటలు, నమాజు పిలుపు, వీటి వేళలు కూడా. వాటిని తిట్టుకోవద్దు, విడిగా రికార్డు చేసుకోండి. అమీర్‌పేట పక్కనున్న ఎస్సార్ నగర్ అంటే అవే.

ప్రతి గదిలోనూ షూటింగ్ అయిపోయాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక పూర్తి నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేయండి. ఆకలి మీద ఉంటారు, గొణుగుతారు. అయినా చేయండి. ఎడిట్‌లో రెండు మాటల మధ్య సందు పూడ్చేది అదే.

ఫోన్ సీన్లు ఈ కథల్లో సగం ఉంటాయి. అవతలి నటుడిని ఇంటికి పంపేసి ఇవతల అసిస్టెంట్‌తో డైలాగులు చదివించకండి. నాన్నగా చేసినాయన్ని కింది అంతస్తులో కూర్చోబెట్టి నిజంగానే ఫోన్ చేయించాం. రెండు వైపులా రెండు రికార్డర్లు. ఒకరి మాట మీద ఒకరు పడటం, ఆగడం, ఎదురుచూడటం అన్నీ నిజమైనవి వచ్చాయి. స్క్రీన్ దగ్గరగా చూపించాల్సి వస్తే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, ముందే తయారుచేసిన స్క్రీన్‌షాట్లు వాడండి. ఎవరి నిజమైన నంబరూ, చాటూ ఫ్రేములోకి రాకూడదు.

తిండి, కాగితాలు

మా ఖర్చులో దాదాపు మూడో వంతు తిండికీ రాకపోకలకీ పోయింది, అది సరైన ఖర్చే. డబ్బులు ఇవ్వలేకపోతున్నప్పుడు అన్నం వేళకి రావాలి, వేడిగా రావాలి. టిఫిన్ ఎనిమిదికి, భోజనం ఒంటిగంటకి, రాత్రి తొమ్మిది దాటితే అమ్మాయిలని ఇంటి దాకా దింపాలి. ఈ మూడూ తప్పితే రెండో ఆదివారం ఎవరూ రారు.

నటించిన ప్రతి ఒక్కరి దగ్గరా, చోటు ఇచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా, సంగీతం చేసినవాళ్ళ దగ్గరా సంతకం తీసుకోండి. ఒక పేజీ చాలు: ఏం ఇస్తున్నారు, మీరు ఎక్కడెక్కడ వాడుకోవచ్చు, డబ్బు వస్తే వాళ్ళకి ఎంత శాతం. స్నేహితులే కదా అని వదిలేయొద్దు. ఓటీటీ వాళ్ళు ముందు అడిగేది ఈ కాగితాలే. టిఫిన్ సెంటర్లో వెనక మోగే సినిమా పాట కూడా హక్కులు లేకుండా ఉంచలేరు, షూటింగ్ అప్పుడే ఆపించండి. టైటిల్ నచ్చగానే తెలుగు ఫిల్మ్ చాంబర్‌లో ఎవరైనా నమోదు చేయించారేమో కనుక్కోండి.

ఫుటేజీ ఏ రాత్రిది ఆ రాత్రే రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, రెండూ రెండు ఇళ్ళలో ఉంచండి. తెరిచి చూడకుండా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

ఎడిట్ తర్వాత

డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఎడిటింగ్, కలర్, సౌండ్ అన్నీ అవుతాయి, 4కె దాకా ఎక్స్‌పోర్ట్ వస్తుంది. మొదటి కూర్పు రెండున్నర గంటలు వచ్చినా కంగారు పడకండి. డబ్బు లెక్కలో ఏ మార్పూ తీసుకురాని సీన్లు ముందు తీసేయండి. అందులో చాలా అందమైన వాన సీన్ ఉండొచ్చు, అదీ తీసేయండి.

థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. దాని ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో. నేరుగా ఓటీటీకి వెళ్తే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. పిల్లలు మాట్లాడుకునేటప్పుడు బూతులు వస్తాయి కాబట్టి అలాంటి డైలాగులకి ఇంకో టేక్ మెత్తగా తీసి పెట్టుకోండి. సిగరెట్ కాల్చే సీన్ ఉంటే థియేటర్లోనూ ఓటీటీలోనూ హెచ్చరిక వేయాలి. కథకి అవసరం లేకపోతే సిగరెట్ బదులు టీ ఇవ్వండి.

ఫెస్టివల్స్‌కి పంపే ఉద్దేశం ఉంటే యూట్యూబ్‌లో పెట్టకండి, చాలా చోట్ల తొలి ప్రదర్శన తమదే కావాలంటారు. గోవాలో నవంబర్‌లో ఇఫీ (భారత అంతర్జాతీయ చిత్రోత్సవం)తో పాటు జరిగే వేవ్స్ ఫిల్మ్ బజార్ అనే సినిమా సంత, ధర్మశాల, కేరళ ఫెస్టివల్స్ చిన్న సినిమాలని చూస్తాయి. చాలావాటికి ఎంట్రీ ఫీజు ఉంటుంది కాబట్టి మీ సినిమాకి సరిపోయే నాలుగైదు ఎంచుకోండి. వాళ్ళకి పంపే సినిమా లింకుకి పాస్‌వర్డ్ పెట్టండి, సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళతోనే కాక యాస తెలిసినవాళ్ళతో కూడా చూపించుకోండి.

ఆ జవాబులు వచ్చేలోపు నటించినవాళ్ళకీ, వాళ్ళ ఇళ్ళవాళ్ళకీ, హాస్టల్‌లో ఉన్నవాళ్ళకీ టికెట్ లేకుండా ఒక షో వేయండి. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు రాత్రి బస్సు పట్టుకోవాలి కాబట్టి మధ్యాహ్నం పెట్టండి. ప్రొజెక్టర్ ఎలా ఉన్నా సర్దుకోవచ్చు, స్పీకర్లు మాత్రం ముందు రోజే వెళ్ళి, ఆఖరి వరసలో కూర్చుని, ఫోన్ సీన్ వేసుకుని విని రండి.